తేట మీద మీగడ

దారి రాత – 1

పెట్టె కదల్లేదు. లోపల చలి సరిపోయినంత ఉంది. మూత ఎవరూ తీయలేదు.

ఈ మూడు సంగతులే రాయాలని డాక్టర్ మేరీ సుగుణగారి ఆజ్ఞ. "దానయ్యగారూ, ఇది చలిపెట్టె మోసేవాళ్ళు రాసే దారి రాత. మీ ఇంటి కబుర్లు ఇందులోకి ఎక్కించకండి" అని మరీమరీ చెప్పారు. ఆవిడ మాట నాకు శిరోధార్యమే. కానీ మా నూకరత్నం నీళ్ళోసుకుందే! పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూతురు కడుపు పండితే ఆ మాట వదిలేసి చలి సంగతి రాయడానికి నేనేమన్నా మంచుగడ్డనా?

ఎనిమిదో నెల నడుస్తోంది. కనిపించిన ప్రతి మనిషికీ చెప్పాను. గోడల చెమట తుడిచేవాళ్ళకి చెప్పాను, గాలి ఊదే మర దగ్గర కాపలావాళ్ళకి చెప్పాను. హీలియం కలిపిన గాలి పీల్చి పీల్చి సముద్రం అడుగున మా అందరివీ పిట్టగొంతులే కదా, సంతోషం పట్టలేక అరిస్తే నాది మరీ కీచుమంటుంది. "ఏటి తాతా, తలుపులో ఎలక తోక పడ్డాదేటి?" అని అడిగాడొకడు. పడితే పడనీ. తాతనవుతున్నాను!

ఇక్కడ అడుగూరులో కాన్పు చేయరు. మునుపు రెండు జరిగాయి. ఈ చిక్కటి గాలిని ఆ పసి ఊపిరితిత్తులు లాగలేకపోయాయి. ఆ తల్లుల పేర్లు ఎవరూ ఎత్తరు. అందుకే నెలలు నిండకముందే తల్లిని తొట్టిలో కూర్చోబెట్టి పైకి పంపుతారు. తొట్టి అంటే గొలుసుకి వేలాడే గుండ్రటి ఇనపగది. మెట్టు మెట్టుగా లేస్తుంది. గబగబా లాగితే నెత్తుట్లో బుడగలు కట్టి మనిషి మెలికలు తిరిగిపోతాడు. బుడగజబ్బు అంటాం. నెత్తుట్లో కొవ్వున్నవాళ్ళకి అది మరీ ప్రమాదం. దొంగసరుకు దాచినట్టు కొవ్వు గాలిని దాచిపెట్టుకుంటుందట. అందుకని తొట్టి నడిపే సరంగు జకరయ్య ఒక గీత పెట్టాడు. కొవ్వు లెక్క గీత కిందుంటే ఎక్కొచ్చు. పైనుంటే ఎంత మొత్తుకున్నా తలుపు తీయడు.

రత్నం నెత్తురు తీశారు. గిర్రున తిప్పే మిషన్లో పెడితే ఎర్రదంతా కిందికి దిగి పైన పసుపుపచ్చ నీరు నిలుస్తుంది. ప్లాస్మా అని డాక్టర్ల మాట. మా అడుగూరులో మొదటినుంచీ దాన్ని తేట అనే అంటాం. ఆ తేట సగం మా ల్యాబులో కొలిచారు. గీతకి బాగా పైన ఉంది. మిగతా సగం మాలాగే అడుగునున్న పక్క పేట, చందువాపేట ల్యాబుకి పంపారు. గీతకి కింద!

నేను గెంతాను. డాక్టరమ్మ కుర్చీలోంచి కదల్లేదు.

"ఒకటే పిల్ల, ఒకటే నెత్తురు. రెండింట్లో ఒక అంకె తప్పు. ఏదో తేలేదాకా రత్నాన్ని ఎక్కించను."

"తక్కువదాన్నే నమ్ముకుంటే పోయేదేముందమ్మా?"

"తక్కువదే తప్పైతే, పైన తొట్టి తలుపు తీసినప్పుడు లోపల ఎవరుంటారు దానయ్యగారూ?"

నా గెంతు అక్కడ ఆగింది.

ఆవిడ చేసిన ఉపాయం ఇదీ. కొలిచేవాళ్ళనే ముందు కొలవాలి. అన్ని పేటలవాళ్ళ దగ్గరా తలా కాస్త నెత్తురు తీసుకున్నారు. నాదీ తీశారు. "తాతా, ఇది నెత్తురా, నెయ్యా?" అంది నర్సు. ఆ తేటలన్నీ ఒకే గిన్నెలో కలిపి, చిన్న చిన్న సీసాల్లో పోసి గడ్డకట్టించారు. సముద్రం అడుగునున్న మూడు ల్యాబులకీ, పైన ఒడ్డునున్న ల్యాబుకీ అదే తేట. ఒకరి అంకె ఒకరికి తెలియకూడదు. అందరి అంకెలూ ఒక్కటైతే మంచిది. కాకపోతే ఎవరి కొలతలో వంకరుందో తేలుతుంది. ప్రతి సీసాకీ ఒక చీటీ కట్టారు: "కరిగాక తేట తీసుకుని కొవ్వు కొలవండి."

పైన తుపానుల కాలం ముంచుకొస్తోంది. అది మొదలైతే తొట్టిని పట్టుకునే ఓడ నిలవదు. అంతలోపే అంతా తేలాలి. మోయడానికి నన్ను ఎంచుకున్నారు. నా మనవడి దారి నా భుజం మీదే పెట్టారు!

దారి రాత – 2

పెట్టె చందువాపేట చేరింది. చలి తగ్గలేదు. మూత తీసినవాడు అక్కడి ల్యాబు పెద్ద కొండబాబు.

గొట్టం దారిలో ట్రాలీ తొక్కుకుంటూ వచ్చాను. మోకాళ్ళు పట్టేశాయి కానీ నోరు పట్టేయలేదు. తలుపు తీయగానే కొండబాబుకి రత్నం సంగతంతా చెప్పేశాను.

"ఆయ్, శుభమండీ బాబాయిగారూ! ముందు కూర్చోండి. మనవడైతే మాకేం పెడతారు?"

"మనవరాలైతే రెండింతలు పెడతాను."

చందువాపేటవాళ్ళంతా గోదావరి వైపు నుంచి దిగినవాళ్ళు. మేం శ్రీకాకుళం తీరంవాళ్ళం. మా ఊరు సముద్రంలో కలిసిపోయాక సముద్రమే మా ఊరైంది. ఇక్కడివాళ్ళ మర్యాద ఎలాంటిదంటే, తిట్టినా చివర అండీ తగిలిస్తారు. కొండబాబు టీ ఇచ్చాడు. వాళ్ళ తొట్టి ఎక్కిన ఒక్కరికి కూడా ఇంతవరకూ బుడగజబ్బు రాలేదట.

"మా కొలత మీద మా సరంగుకి అంత నమ్మకమండీ. మీ అమ్మాయి లెక్క కూడా నేనే చూశాను గదా. గీతకి కిందే. మీవాళ్ళు ఎక్కించకపోతే ఇక్కడికి తీసుకొచ్చేయండి, మా తొట్టిలో పంపిద్దాం."

ఆ మాటకి కొండబాబుని కావలించుకున్నాను. టీ సగం వాడి చొక్కా మీద పడింది.

సీసా తీసి, చీటీ చదివి, పని మొదలుపెట్టాడు. ఏం ఓర్పు, ఏం శుభ్రత! సీసాని స్టాండులో నిలబెట్టి కరగనిచ్చాడు. ముట్టుకోలేదు, కదపలేదు. చంటిబిడ్డ నిద్రపోతున్నట్టు దాని చుట్టూ మునివేళ్ళ మీద నడిచాడు. కాసేపటికి పైన తెల్లగా పలచటి పొర తేలింది. కాచిన పాలు కదపకుండా ఉంచితే కడుతుందే, అలా. కొండబాబు ఆ పొర చెదరకుండా సన్నటి సూదిని పక్కనుంచి దించి, అడుగునున్న అద్దంలాంటి తేటని లాగాడు. చుక్క తెలుపు రాలేదు. పొర అలాగే సీసాలో మిగిలింది.

"నీ చెయ్యి బంగారం బాబూ!" అన్నాను.

"మీ చీటీలో రాసినట్టే చేశానండి" అన్నాడు.

దారి రాత – 3

పెట్టె పీతలపాలెం వెళ్ళి వచ్చింది. ఒడ్డు ల్యాబుకి వెళ్ళాల్సిన సీసా గాలి నింపిన చిన్న బోలు గుండులో పెట్టి పైకి వదిలారు. సీసాలకి బుడగజబ్బు రాదు కాబట్టి అది బాణంలా పోయింది. ఎంత అదృష్టమో సీసాలది.

పీతలపాలెం ల్యాబులో మనిషి మాట్లాడలేదు. రెండు అరచేతుల మధ్య సీసాని పెట్టి, కవ్వం తిప్పినట్టు తిప్పి తిప్పి, అంతా ఒకటే రంగయ్యాక తీసుకుంది. ఏ ఇంటి వంట ఆ ఇంటిది అనుకున్నాను. మనవరాలి సంగతి చెప్తే "ఊఁ" అంది. మనవడి సంగతి చెప్పినా "ఊఁ" అనే అంది. కొండబాబు వేరు.

ఇంటికొచ్చేసరికి అల్లుడు పోలారావు రత్నం సామాను సర్దుతున్నాడు. బయట గొట్టాలకి అతుకులు వేసే పని వాడిది, చేతినిండా కాలిన మచ్చలు. చంటిదానికి గుడ్డలు మడతపెడుతున్నాడు, ఒక్క మడత సమంగా రావటం లేదు.

"మావా, చందువాపేటోళ్ళు ఎక్కించుకుంటామన్నారా? నిజంగా?"

"నిజంగా అల్లుడా! ఒక్కడికి కూడా బుడగజబ్బు రాలేదట అక్కడ!"

వాడు మడతపెట్టడం ఆపి మొహం గుడ్డలో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో నాకు తెలియలేదు. రెండూ అయ్యుంటాయి.

దారి రాత – 4

పెట్టె ఖాళీ. అంకెలు వచ్చాయి.

డాక్టరమ్మ గదిలో గోడకి నాలుగు అంకెలూ రాసి ఉన్నాయి. అడుగూరు, పీతలపాలెం, ఒడ్డు ల్యాబు మూడూ అటూ ఇటుగా ఒక్కటే. అన్నదమ్ముల్లా ఉన్నాయి. చందువాపేటది మాత్రం సగానికి సగం తక్కువ.

సరంగు జకరయ్య వచ్చి నిలబడ్డాడు. ముసలివాడు, నాకంటే పెద్ద. మాట ఖర్చుపెట్టడు.

"మూడు ఒకవైపు, ఒకటి ఒకవైపు. మూడింటినే నమ్మాలి గదా?" అన్నాడు.

"అంత తేలిగ్గా నమ్మలేను" అన్నారు డాక్టరమ్మ. "చందువాపేట కొలతే తప్పైతే, వాళ్ళ మనుషులు ఇన్నేళ్ళుగా తొట్టెక్కి హాయిగా దిగుతున్నారే, ఎలా? సగం లెక్కతో ఎక్కినవాళ్ళకి కనీసం ఒక్కరికైనా జబ్బు రావాలి కదా. ఏమో, మేం ముగ్గురమే కలిసికట్టుగా తప్పు చేస్తున్నామేమో."

పోలారావు ముందుకొచ్చాడు. "అయితే ఆలే కరెక్టు! మేడమ్‌గారూ, మీకు తెల్దని మీరే అంటన్నారు. ఆల తొట్టి ఎల్లుండి లెగుస్తాది. తరవాత తుపాను. మా రత్నాన్ని ఆపడానికి మీరెవరండీ?"

ఆవిడ కోపగించుకోలేదు. నావైపు తిరిగారు.

"దానయ్యగారూ, అడుగునున్న అన్ని చోట్లకీ వెళ్ళిన మనిషి మీరొక్కరే. దారిలో పెట్టె వేడెక్కిందా?"

"లేదమ్మా."

"చందువాపేటలో సీసా విప్పినప్పుడు మీరున్నారా? వాళ్ళేమన్నా వేరేగా చేశారా? ఏది గుర్తొచ్చినా చెప్పండి, చిన్నదైనా సరే."

అప్పుడు గుర్తొచ్చింది. స్టాండులో నిలబెట్టిన సీసా. పైన తెల్ల పొర. దాన్ని చెదరనీయకుండా కిందినుంచి లాగిన సూది. తరవాత పీతలపాలెం ఆవిడ అరచేతుల్లో తిరిగిన సీసా.

చల్ల చిలికే ఇంట్లో పుట్టినవాణ్ణి. పైన తేలేది ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు నాకు.

"చక్కగా చేశాడమ్మా. చాలా శుభ్రంగా చేశాడు" అన్నాను.

అబద్ధం కాదు. నిజమూ కాదు. నోట్లో ఉన్న రెండో మాట అక్కడే కరుచుకున్నాను. చెప్తే నా కూతురు గీత పైకి పోతుంది. తలుపు మూసుకుంటుంది. ఆ రెండు కాన్పుల పక్కన మూడోది చేరుతుంది. చెప్పకపోతే ఎల్లుండి తొట్టెక్కుతుంది. ఎక్కాలి కదా! ఎక్కి తీరాలి కదా!

దారి రాత – 5

పెట్టె లేదు. అయినా రాస్తున్నాను.

ఇల్లంతా సందడి. చెమట తుడిచేవాళ్ళు వచ్చి రత్నానికి గాజులు తొడిగారు. గాజులంటే పాత గొట్టాలకి వేసే రంగు రంగుల రబ్బరు చుట్లు, ఇక్కడ అవే దొరుకుతాయి. నేను పాలపొడితో పరమాన్నం చేశాను. అందరికీ నేనే వడ్డించాను, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. లోపల మాత్రం ఎవరో గొలుసు లాగుతున్నట్టుంది.

అందరూ వెళ్ళాక రత్నం గిన్నె అంచున కట్టిన పొరని వేలితో తీసుకుని నాకుతూ కూర్చుంది.

"నాన్నా, ఒడ్డున ఉన్నప్పుడు పాల కేను తెచ్చే ఆయన్ని రోజూ తిట్టేవాడివి, గుర్తుందా? పాలు పలచనగా పోస్తన్నాడని."

"దొంగవెధవ. నీళ్ళు కలిపేవాడు."

"పాపం, ఆయన కలపలేదు. నువ్వు లేవకముందే నేను మీగడంతా తినేసేదాన్ని. అమ్మ చూసేది, చెప్పేది కాదు." కీచుమని నవ్వింది. "నువ్వేమో మిగిలిన పాలు చూసి ఆయన మీద లేచేవాడివి. మీగడ నా పొట్టలో ఉండేది."

నేనూ నవ్వాను. సగం నవ్వులో ఆగిపోయాను.

మీగడ తీసేస్తే పాలు పలచనవుతాయి, నిజమే. కానీ అది ఎక్కడికీ పోలేదు. పిల్ల పొట్టలో ఉంది. సీసాలోంచి కొండబాబు వదిలేసినంత మాత్రాన రత్నం నెత్తుట్లోంచి పోతుందా? ఎల్లుండి తొట్టి మామూలు వేగంతో లేచేటప్పుడు ఆ కొవ్వు దాచుకున్న గాలంతా అక్కడే ఉంటుంది, నా కూతురి లోపలే, కడుపులో బిడ్డ చుట్టూ.

"ఏటి నాన్నా, అలా అయిపోయావ్?"

"పరమాన్నం మాడుతోందేమో చూసొస్తాను" అని లేచాను. పరమాన్నం ఎప్పుడో అయిపోయింది. అది రత్నానికి తెలుసు, అడగలేదు.

దారి రాత – 6

చెప్పేశాను.

డాక్టరమ్మ వింటూ వింటూ లేచి నిలబడ్డారు. ఒక్క మాట కూడా అనలేదు నన్ను, నిన్ననే ఎందుకు చెప్పలేదని. వెంటనే చందువాపేటకి ఫోను కలిపారు. గోడమీది స్పీకరులో కొండబాబు గొంతు. ఆవిడ అడిగారు, కరిగాక సీసాని కలిపారా అని.

"కలపడమేంటండీ! కలిపితే తేట ఎలా వస్తదండీ?"

"తేట అంటే సీసాలో ఉన్నదంతా కొండబాబుగారూ. ప్లాస్మా."

"ప్లాస్మానా? దాన్ని మేం సొన అంటామండీ. మా చీటీలన్నిట్లోనూ సొన అనే ఉంటది. సొన వస్తే బాగా కుదిపి కొలుస్తాం. మీ చీటీలో తేట తీసుకోమని ఉంది గదా! తేట తీయడమంటే, నిలవబెట్టి, పైది వదిలి, అడుగున తేరుకున్నది తీయడమే గదండీ? అడుగూరోళ్ళకి ఇదేం వింత కోరికరా బాబూ అనుకున్నాను. పెద్దోళ్ళు రాశారు, ఏదో కారణం ఉంటది గదా అని చేశాను."

"మరి రత్నం సీసాకి?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు.

"దానికీ మీ చీటీయే గదండీ. తేట అనే ఉందండీ." తరవాత నెమ్మదిగా అన్నాడు: "అయ్యబాబోయ్. ఆ పిల్లని ఎక్కించేద్దామన్నాను గదండీ నేను."

ముడి విడిపోయింది. వాళ్ళ మనుషుల సీసాలకి వాళ్ళ చీటీ, వాళ్ళ మాట. సొన అంటే మొత్తం. అందుకే వాళ్ళ లెక్కలు సరైనవే, వాళ్ళ తొట్టి ఎక్కినవాళ్ళు క్షేమంగానే దిగారు. మా సీసాలు వెళ్తేనే కొవ్వు సగం సీసాలో మిగిలిపోయేది. పీతలపాలెంలోనూ ఒడ్డునా తేట అంటే మాలాగే మొత్తం. ఎవరి కొలతా తప్పు కాదు, ఎవరి చెయ్యీ తప్పు కాదు. ఒక్క మాట. తేట. రెండూళ్ళలోనూ తేట తెలుగే.

వాళ్ళ దగ్గర విప్పకుండా మిగిలిన రెండో సీసాని కలిపి కొలవమన్నారు. కొండబాబు అంకె వచ్చింది. నాలుగో తమ్ముడు వచ్చి ముగ్గురి పక్కన నిలబడ్డట్టు సరిగ్గా అక్కడే ఉంది. డాక్టరమ్మ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. నాలుగు ల్యాబులు ఒక మాట మీద నిలబడటం ఈ సముద్రం అడుగున ఇదే మొదటిసారట.

అంటే రత్నం గీతకి పైన. బాగా పైన.

తలుపు దగ్గర పోలారావు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

"నువ్వేనా మావా చెప్పింది?" అన్నాడు. "ఇన్నాళ్ళూ నోరు మూసుకోవడం చేతకాని మనిషివి. ఈ ఒక్కరోజు మూసుకోలేకపోయావా?"

రత్నం వాడి వెనకే ఉంది. కడుపు మీద చెయ్యి వేసుకుని గోడమీది అంకెలు చూస్తోంది.

"కొవ్వు పెరగటం నావల్లేనా అమ్మా? నేనే నెయ్యి పోశానా దానికి?" అని డాక్టరమ్మని అడిగాను.

"కాదు. కడుపుతో ఉన్నవాళ్ళకి నెత్తుట్లో కొవ్వు పెరగటం మామూలే. బిడ్డ కోసం ఒళ్ళు దాచిపెడుతుంది." ఆవిడ గొంతు దింపారు. "జకరయ్యగారిని పిలవండి."

దారి రాత – 7

సరంగు జకరయ్య వచ్చి నాలుగు అంకెల ముందు నిలబడ్డాడు.

"ఈ నాలుగూ ఏరే ఏరే ఊళ్ళవేనా?"

"అవును."

"ఒకళ్ళది ఒకళ్ళు చూడకుండా?"

"చూడకుండా."

గడ్డం గోక్కున్నాడు. "డాక్టరమ్మా, నాను ఆ గీత ఎందుకు పెట్టానో తెల్సా? మీ ల్యాబులోళ్ళు ఒక్కోడు ఒక్కో అంకె చెప్పేవోరు. ఎవుడి మాట మీద గొలుసు లాగను? అందుకని గీత గీసి, ఇటు ఉంటే రా, అటు ఉంటే పో అన్నాను. అది లెక్క కాదు, బయం. నిజవైన అంకె నా చేతిలో పెడితే గీతతో పనేటి? ఎంత కొవ్వో తెలిస్తే ఎంత నెమ్మదిగా లాగాలో తెలుస్తాది."

పోలారావు జకరయ్య చెయ్యి పట్టుకున్నాడు. "తాతా, ఎక్కిస్తావా?"

"ఎక్కిస్తాను. కానీ మామూలుగా కాదు. నత్త పాకినట్టు పాకాలి. మెట్టు మెట్టుకీ ఆగాలి. ఇప్పుడే బయల్దేరాలి, లేపోతే తుపాను ముందు చేరం."

"దారిలో నొప్పులొస్తే?" అన్నాను.

జవాబు డాక్టరమ్మ చెప్పారు. సగం పైకి చేరితే గాలి పలచబడుతుంది. అక్కడినుంచి బిడ్డ ఊపిరి తీసుకోగలదు. సగం కిందనే వస్తే... ఆ వాక్యం పూర్తి చేయలేదు. తనూ తొట్టిలో వెళ్తానన్నారు. ఆవిడ కొవ్వు లెక్క ఎండు మెత్తళ్ళ చేపలంత తేలిక. మూడో మనిషి పోలారావు.

నేనూ అని అడిగాను. జకరయ్య నా అంకె చూసి నవ్వాడు. "నిన్ను ఎక్కిస్తే తొట్టి పైకి చేరేసరికి కడుపులో బిడ్డ బడికెళ్ళిపోద్ది దానయ్యా."

తలుపు మూసే ముందు పోలారావు నా దగ్గరికి వచ్చాడు. మడత సమంగా రాని గుడ్డ ఒకటి నా చేతిలో పెట్టి వెళ్ళాడు. రత్నం లోపలినుంచి అరిచింది. "నాన్నా, పరమాన్నం మాడిందా?"

"మాడలేదే అమ్మీ! కానీ మీగడంతా అయిపోయింది!"

దారి రాత – 8

ఫోను దగ్గరే ఉంటున్నాను. తిండి ఇక్కడికే తెస్తున్నారు.

తొట్టి ఎంత నెమ్మదిగా లేస్తోందంటే, గొలుసు చూస్తే కదిలినట్టే ఉండదు. ప్రతి మెట్టు దగ్గరా ఆపి, జకరయ్య ఇక్కడినుంచే ఫోనులో అడుగుతాడు. "కీళ్ళు నొప్పా? ఒళ్ళు దురదా? కళ్ళు మసకా?" లేదని రత్నం అన్న ప్రతిసారీ ఇక్కడ పది మంది ఊపిరి వదులుతారు.

పోలారావు ఒకసారి మాట్లాడాడు. "మావా, ఆ రోజు అలా అన్నాను."

"ఏం అన్నావో నాకు గుర్తులేదు అల్లుడా."

"నీకు గుర్తులేనిదేదీ ఉండదు గదా మావా."

"అయితే గుర్తుంచుకుని పెద్దయ్యాక దానికి చెప్తాను, మీ అయ్య ఎంత తిక్కోడో."

సగానికి ఇంకా చాలా కింద ఉండగా రత్నానికి నడుము పట్టేసింది. జకరయ్య గొలుసు మీద చెయ్యి పెట్టి బొమ్మలా నిలబడ్డాడు. తొందరపెట్టకూడదు, ఆపేయకూడదు. ఇద్దరు ముసలివాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తరవాత రత్నమే ఫోను అందుకుంది.

"ఏం లేదు నాన్నా, లోపల బిడ్డ కాళ్ళు చాపుకుంటోంది. ఇరుకని చిరాకు."

నొప్పి తగ్గింది. తొట్టి పాకుతూనే ఉంది.

ఒకటి గమనించాను. మెట్టు మెట్టుకీ లోపలి గాలి మారుస్తున్నారు. హీలియం పలచబడుతోంది. రత్నం గొంతు కూడా పిట్టగొంతు లోంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. చిన్నపిల్లగా దిగింది ఇక్కడికి, పిట్టగొంతుతోనే పెద్దదయింది. దాని అసలు గొంతు ఎలా ఉంటుందో కన్నతండ్రిని, నాకే తెలియదు.

దారి రాత – 9

సగం దాటారు! సగం దాటారు! సగం దాటారు!

మూడుసార్లు రాశాను, ఇంకా రాయాలనుంది. సగం దాటిన కాసేపటికే నొప్పులు అసలుగా మొదలయ్యాయి. ఫోను తెరిచే ఉంచారు. గొలుసు మీద జకరయ్య చెయ్యి. చెమట తుడిచేవాళ్ళు పని మానేసి వచ్చారు, గోడలు కారుతున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. చందువాపేట నుంచి కొండబాబు తన ఫోను కూడా కలిపి ఉంచమని బతిమాలాడు. అక్కడ వాడు దేవుళ్ళందరికీ అండీ తగిలించి మొక్కుతున్నాడు.

లోపలినుంచి అరుపులు. డాక్టరమ్మ మాటలు. పోలారావు "రత్నా, రత్నా" అనడం. తరవాత ఏమీ వినిపించలేదు.

ఆ ఏమీ లేని చప్పుడులో ఆ రెండు కాన్పులూ వచ్చి నా పక్కన కూర్చున్నాయి.

అప్పుడు ఒక కేక. పిట్టగొంతూ కాదు, మనిషిగొంతూ కాదు, మధ్యలో ఎక్కడో. ఊపిరి పీల్చి, మళ్ళీ కేక. మళ్ళీ పీల్చి, మళ్ళీ! తిడుతోంది మమ్మల్నందర్నీ! తొట్టిలో వేసే వేడుక ఎవరైనా పుట్టాక చేస్తారు, మాది తొట్టిలోనే పుట్టింది! జకరయ్య కూలబడి ఏడ్చాడు. గొలుసు మీది చెయ్యి మాత్రం తీయలేదు.

"నాన్నా, వినిపిస్తోందా? ఆడపిల్ల."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆ గొంతు నా రత్నానిది కాదు. ఈ అడుగుకి దిగకముందే పోయిన మా పైడమ్మది. పొయ్యి దగ్గరనుంచి నన్ను పిలిచే గొంతు. ఫోనులోంచి వస్తోంది.

"నాన్నా? ఉన్నావా?"

"ఉన్నానే. మీ అమ్మ పిలిచిందనుకున్నాను."

పిల్ల ఏడుస్తూనే ఉంది. ఎంత బాగా ఏడుస్తుందో!

దారి రాత – 10

తొట్టి పైకి చేరింది. తల్లీ బిడ్డా క్షేమం. తుపాను తరవాత వచ్చింది, వస్తే రానీ.

పెట్టెకి మళ్ళీ పని. పిల్ల బొడ్డుతాడు నెత్తురు సీసాలు గుండులో కిందికి దింపారు. నాలుగు ల్యాబులూ కొలవాలి. ఎక్కడ కొలిచినా ఒకే అంకె రావాలి. ఇకనుంచి ఎప్పుడూ ఇంతేనట. పైన డాక్టరమ్మ ఫోనులో చెప్పారు, తేట అనీ సొన అనీ రాయొద్దని, ఏం చేయాలో మామూలు మాటల్లో రాయమని. ఆ చీటీ రాసే పని నాకే ఇచ్చారు.

"పేరు పెట్టలేదు కదమ్మా, సీసా మీద ఎవరి పేరు రాయను?"

"మీరు ఎలా పిలిస్తే అలా రాయండి. ఎలాగూ మీ మాట ఎవరూ ఆపలేరు."

రాశాను. పేరు: మీగడ. కింద సూచన: "కొండబాబుకీ, పీతలపాలెం అమ్మాయికీ, అందరికీ. నిలవబెట్టకండి, తేర్చకండి. రెండు అరచేతుల మధ్య పెట్టి ఆడించి, అంతా ఒక్కటయ్యాక కొలవండి. పైన తేలిందని వదిలేయకండి. ఆ పైనున్నదే మాది."